ఎవరి దగ్గర ఏముంది, ఎవరికేం కావాలి?

యాభై ఏళ్ల కిందట కాలిఫోర్నియాలో ఒక కారు షెడ్డులో కొందరు కంప్యూటర్ పిచ్చివాళ్లు కలుసుకున్నారు. అక్కడి నుంచి పుట్టిన కంపెనీల కథ లోకమంతటికీ తెలుసు. ఆ క్లబ్ ఎలా నడిచింది, దాన్ని ఎవరు నిలబెట్టారు, అదే పద్ధతిలో మన తెలుగు కంప్యూటర్ తెరమీదికి ఎలా ఎక్కింది అన్నది ఈవారం ముఖచిత్ర కథనం.

1975 శీతకాలం చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన ఉన్న ఊళ్లలో, కొన్ని నోటీసు బోర్డుల మీద ఒక కాగితం కనిపించింది. సొంతంగా కంప్యూటర్ కట్టుకుంటున్నారా, లేక ఎవరిదో పెద్ద యంత్రం మీద గంటకింతని చెల్లించి పనిచేసుకుంటున్నారా, అలాగైతే మీలాంటివాళ్లే మరికొందరు ఉన్నారు, వచ్చి కలవండి అని దాని సారాంశం. పెట్టబోయే సంఘానికి పేరు కూడా ఖాయం కాలేదు. రెండు మూడు పేర్లు రాసి, మీకు నచ్చినట్టు పిలుచుకోండి అని వదిలేశారు. వాటిలో ఒకటి నిలిచింది: హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్.

మార్చి 5, బుధవారం. మెన్లో పార్క్ పట్టణంలో ఆ సాయంత్రం వాన పడుతోంది. గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజినీరు ఇంటి గ్యారేజీలో 32 మంది పోగయ్యారు. చాలామందికి ఒకరికొకరు కొత్త. వాళ్లలో ఆరుగురు అప్పటికే ఏదో ఒక రకం కంప్యూటర్‌ని చేత్తో కట్టుకున్నారు. ఇంకొందరు ఆల్టెయిర్ 8800 అనే కిట్ కోసం డబ్బు పంపి పోస్టు కోసం ఎదురుచూస్తున్నారు. గ్యారేజీ మధ్యలో అదే ఆల్టెయిర్ ఒకటి పెట్టి ఉంది. అందరూ దాని చుట్టూ చేరారు.

ఇవాళ ఆ డబ్బాని చూస్తే కంప్యూటర్ అని గుర్తుపట్టడం కష్టం. కీబోర్డు లేదు, తెర లేదు. ముందువైపు వరసగా స్విచ్చులు, చిన్న ఎర్ర దీపాలు. లోపల ఇంటెల్ 8080 చిప్. కిట్‌తో పాటు వచ్చే జ్ఞాపకశక్తి 256 బైట్లు. ఇప్పటి లెక్కలో పదో పన్నెండో తెలుగు మాటలు పట్టేంత చోటు. న్యూమెక్సికో రాష్ట్రంలో ఆల్బకర్కీ ఊళ్లో మిట్స్ అనే చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. అప్పుల్లో కూరుకుపోయిన ఆ కంపెనీ యజమాని ఎడ్ రాబర్ట్స్, కొన్ని వందల కిట్లు అమ్ముడైతే గట్టెక్కుతామనుకున్నాడు. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక దాన్ని ముఖచిత్రంగా వేసింది. వేలకు వేలు ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ధర 400 డాలర్ల లోపే. అందులోని చిప్ ఒక్కదాన్ని విడిగా కొనాలన్నా అప్పట్లో జాబితా ధర 360 డాలర్లు.

అప్పటిదాకా కంప్యూటర్ అంటే అద్దాల గది. చల్లటి గాలి, తెల్లకోటు వేసుకున్న ఆపరేటర్లు. మన పని కార్డుల మీద గుద్ది కిటికీలో ఇచ్చి, మర్నాడు కాగితం తీసుకోవడం. ఇక్కడా అంతే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, 1969లోనే టీడీసీ-12 అనే దేశీయ కంప్యూటర్ని మార్కెట్లోకి తెచ్చింది. 1975లో టీడీసీ-316 వచ్చింది. మన ఊళ్లో తయారైన యంత్రాలని గర్వపడాల్సిందే. కానీ అవి వెళ్లింది పరిశోధనశాలలకు, విద్యాసంస్థలకు, ప్రభుత్వ సంస్థలకు. మౌలాలి దారిలో రోజూ ఆ ఫ్యాక్టరీ ముందునుంచి సైకిల్ మీద వెళ్లే కుర్రాడు, లోపలి యంత్రాన్ని తన ఇంట్లో పెట్టుకోవచ్చని అనుకునే కాలం కాదు. మెన్లో పార్క్ గ్యారేజీలో చేరినవాళ్లు అనుకున్నారు. తేడా అంతా అక్కడుంది.

మరి ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తారు? ఆ మొదటి సాయంత్రమే ఈ ప్రశ్న వచ్చింది. ఒకరు ఉత్తరాలు దిద్దుకోవచ్చన్నారు, ఒకరు ఆటలన్నారు, ఇంకొకరు ఇంటి హీటరు, దొంగల గంట, తోటకి నీళ్లు దానికే అప్పగించవచ్చన్నారు. యాభై ఏళ్ల తర్వాత చూస్తే ఆ జాబితాలో నెరవేరనిదంటూ దాదాపు లేదు. సమావేశం ముగుస్తుండగా మార్టీ స్పెర్గెల్ అనే సభ్యుడు ఒక ఇంటెల్ 8008 చిప్‌ని పైకెత్తి, ఇది ఎవరికైనా పనికొస్తుందా అని అడిగాడు. చెయ్యెత్తినవాడికి ఇచ్చేశాడు. ఉచితంగా. ఆ క్లబ్ ఎలా నడవబోతోందో ఆ ఒక్క పనితోనే ఖాయమైపోయిందని నాకనిపిస్తుంది.

కార్డుల పెట్టె మనిషి

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ త్వరత్వరగా స్టీవ్ వాజ్నియాక్ దగ్గరికి, యాపిల్ దగ్గరికి వెళ్లిపోతారు. నేను కాసేపు ఫ్రెడ్ మూర్ దగ్గర ఆగుతాను. గోర్డన్ ఫ్రెంచ్‌తో కలిసి ఆ క్లబ్‌ని పెట్టింది ఆయనే. నోటీసు రాసింది, సైక్లోస్టైల్ పనులు చూసింది, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంది ఆయనే.

మూర్ ఇంజినీరు కాదు. శాంతి ఉద్యమకారుడు. తండ్రి అమెరికా వైమానికదళంలో పెద్ద అధికారి. కొడుకు 1959లో, పద్దెనిమిదేళ్లప్పుడు, బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరగానే, విద్యార్థులకు సైనిక శిక్షణ నిర్బంధం కావడానికి ఎదురుతిరిగి మెట్ల మీద కూర్చుని నిరాహారదీక్ష చేశాడు. ఆ తర్వాత సైన్యంలో నిర్బంధ చేరికను కాదన్నందుకు జైలుకి కూడా వెళ్లాడు. నిరాహారదీక్ష అన్నది మనకు ఎంత తెలిసిన ఆయుధమో వేరే చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ చరిత్రలో అది ఇలా ఎదురుపడటం మాత్రం నన్ను కదిలించింది.

1971 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వింత విందు జరిగింది. ‘హోల్ ఎర్త్ కేటలాగ్’ అనే ప్రఖ్యాత ప్రచురణను మూసేస్తూ దాని సంపాదకుడు స్టూవర్ట్ బ్రాండ్, 20 వేల డాలర్ల నోట్ల కట్ట తెచ్చి అతిథుల ముందు పెట్టాడు. దీన్ని ఏ మంచి పనికి వాడాలో మీరే తేల్చండి అన్నాడు. రాత్రంతా వాదనలు. డబ్బు మీద నమ్మకం వద్దు, మనుషుల మీద పెట్టుకోండి అని వాదించినవాడు మూర్. తెల్లారేసరికి ఇరవై మందో ఎందరో మిగిలారు. మిగిలిన సొమ్ము, దాదాపు 15 వేల డాలర్లు, వద్దన్న మనిషి చేతికే ఇచ్చారు. ఆ రాత్రి నుంచి ఆయన ఒక పని పెట్టుకున్నాడు. ఎవరికి ఏ విద్య వచ్చు, ఎవరికి ఏ సాయం కావాలి అన్నది చిన్న చిన్న కార్డుల మీద రాసి పెట్టెలో సర్దడం, కావలసినవాళ్లని ఇవ్వగలవాళ్లతో కలపడం. కార్డులు పెరిగేకొద్దీ చేత్తో వెతకడం కష్టమైంది. కంప్యూటర్ మీద ఆయనకు మనసు పడింది అందుకే. యంత్రం మీద మోజుతో కాదు, మనుషుల్ని కలిపే పని తేలిక చేస్తుందని.

దాంతో మెన్లో పార్క్‌లోనే ఉన్న ‘పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ’కి చేరాడు. పేరులో కంపెనీ ఉన్నా అది వీధిలో తలుపులు తెరిచిపెట్టిన బడి. బాబ్ ఆల్బ్రెక్ట్ అనే గురువు నడిపేవాడు. పిల్లలు వచ్చి టెర్మినళ్ల మీద ఆటలు ఆడుకుంటూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవారు. గ్యారేజీ సభ మధ్యలో పెట్టిన ఆల్టెయిర్, సమీక్ష కోసం ఆ బడికి వచ్చినదే.

మొదటి సభ జరిగిన పదిరోజులకే, మార్చి 15 తేదీతో, మూర్ క్లబ్ వార్తాపత్రం మొదటి సంచిక తెచ్చాడు. ఎవరెవరు వచ్చారు, ఏం మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు ఎక్కడ. త్వరలోనే సభ్యుల పేర్లు, చిరునామాలు, ఎవరికి దేనిలో ఆసక్తి ఉందో కూడా అచ్చయ్యాయి. కార్డుల పెట్టె కాగితం మీదికి వచ్చిందన్నమాట. సభ్యత్వ రుసుం లేదు. తపాలా బిళ్లలకి ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేవారు. 1977 డిసెంబరు దాకా 21 సంచికలు వచ్చాయి. మూర్ మాత్రం కొద్ది నెలలకే క్లబ్ నుంచి తప్పుకున్నాడు. సొంత జీవితంలో చిక్కులు, దానికి తోడు పంచుకోవడానికి పెట్టిన చోట వ్యాపారపు మాటలు పెరుగుతున్నాయన్న బాధ. 1997లో కారు ప్రమాదంలో చనిపోయాడు. కంప్యూటర్ చరిత్ర అంటూ మన పిల్లలకు చెప్పే పేర్లలో ఆయన పేరు లేదు. ఉండాలి.

స్విచ్చుల మీద సంగీతం

సభలు పదిహేను రోజులకోసారి, బుధవారాలు. జనం పెరిగేకొద్దీ చోటు మారింది. గ్యారేజీ నుంచి స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలకి, అక్కడి నుంచి పెనిన్సులా స్కూలుకి, చివరికి స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రం ఆడిటోరియానికి. అణువుల లోపలి కణాలని పరుగెత్తించే ఆ కేంద్రాన్ని ‘స్లాక్’ అంటారు. క్లబ్ జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది.

పెనిన్సులా స్కూల్లో 1975 ఏప్రిల్‌లో జరిగిన సభని, ఆ రోజు అక్కడున్నవాళ్లు తర్వాత దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. స్టీవ్ డాంపియర్ తన ఆల్టెయిర్‌ని మోసుకొచ్చాడు. ఆయన అంతకుముందే ఓపిక పట్టలేక ఆల్బకర్కీ దాకా వెళ్లి మిట్స్ కంపెనీ ఎలా ఉందో చూసొచ్చిన మనిషి. ఆల్టెయిర్‌లో ఏ ప్రోగ్రామైనా స్విచ్చులతోనే ఎక్కించాలి. ఒక్కో సంఖ్యకి ఇన్ని స్విచ్చులు పైకి, ఇన్ని కిందికి. డాంపియర్ నేలమీద కూర్చుని చాలాసేపు ఆ పని చేశాడు. అయిపోవస్తుండగా ఎవరి కాలో తగిలి కరెంటు తీగ ఊడింది. ఎక్కించినదంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

పూర్తయ్యాక ఒక మామూలు రేడియోని డబ్బా పక్కన పెట్టాడు. తీగ ఏమీ కలపలేదు. రేడియోలోంచి బీటిల్స్ పాట ‘ఫూల్ ఆన్ ద హిల్’ వినిపించింది. కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు దాని లోపలి విద్యుత్ కదలికల వల్ల పుట్టే తరంగాలు దగ్గర్లోని రేడియోకి గరగరలాగా చేరతాయి. చేసే పనిని బట్టి ఆ గరగర స్థాయి మారుతుంది. డాంపియర్ ఇంట్లో ఏవో అంకెల్ని వరసలో పెట్టే ప్రోగ్రాం నడుపుతుండగా, పక్కనున్న రేడియో వింతగా మోగడంతో ఈ సంగతి పట్టుకున్నాడు. గంటల తరబడి కూర్చుని ఏ పనికి ఏ స్వరం పలుకుతోందో లెక్కగట్టుకున్నాడు. పాట అయ్యాక చప్పట్లు ఆగలేదు. ఇంకొకటి వినిపించాడు. ‘డైసీ’. 1961లో బెల్ ప్రయోగశాలలో పెద్ద కంప్యూటర్ మొదటిసారి పాడింది ఆ పాటే. ఆ సభలో ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలుసు.

దేనికీ పనికిరాదని జనం పెదవి విరిచిన యంత్రం, మాటల కోసం తెర లేకున్నా, గొంతు తెచ్చుకుని పాడింది. ఎవరూ దానికి ఆ పని నేర్పాలనుకోలేదు. ఓపికున్న ఒక మనిషి వెతికి పట్టుకున్నాడు, పట్టుకున్నది దాచుకోకుండా తెచ్చి పదిమందికీ వినిపించాడు. దాని తయారీ పద్ధతిని కూడా పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ పత్రికలో రాశాడు.

సభ నడిచిన తీరు

స్లాక్ ఆడిటోరియంలో సభని నడిపినవాడు లీ ఫెల్సెన్‌స్టైన్. బర్కిలీ ఉద్యమాల్లో తిరిగిన ఇంజినీరు. 1973లోనే బర్కిలీలో ఒక రికార్డుల దుకాణం దగ్గర ‘కమ్యూనిటీ మెమరీ’ పేరుతో ఒక టెర్మినల్ పెట్టించినవాళ్లలో ఆయనొకడు. దారినపోయే ఎవరైనా వచ్చి తమకు కావలసినదీ, తాము ఇవ్వగలిగినదీ అందులో టైపు చేయొచ్చు. ఇతరులు రాసినది వెతుక్కోవచ్చు. సంగీతకారులు తోడు వాయించేవాళ్ల కోసం, అద్దెకుండేవాళ్లు ఇళ్ల కోసం రాసుకున్నారు. ఫ్రెడ్ మూర్ కార్డుల పెట్టె, ఈ టెర్మినల్ ఒకే ఆలోచనకి రెండు రూపాలు. ఇద్దరూ ఒకే క్లబ్‌లో కలవడంలో ఆశ్చర్యం లేదు.

ఫెల్సెన్‌స్టైన్ సభని రెండు ముక్కలు చేశాడు. మొదటి ముక్కలో ఎవరైనా చెయ్యెత్తి లేచి నిలబడి, తన దగ్గర ఏముందో, తనకేం తెలియాలో క్లుప్తంగా చెప్పాలి. ఫలానా చిప్ చవగ్గా దొరికేచోటు నాకు తెలుసు అంటాడొకడు. నా మెమరీ బోర్డు వేడెక్కి ఆగిపోతోంది, ఇంకెవరికైనా ఇలా అవుతోందా అంటాడు ఇంకొకడు. ఫెల్సెన్‌స్టైన్ కర్రతో ఒక్కొక్కరిని చూపిస్తూ, ఉపన్యాసాలు సాగకుండా చూసుకుంటూ, ఎవరికి ఎవరు కావాలో తేలేట్టు చేసేవాడు. ఆ తర్వాత రెండో ముక్క: అందరూ లేచి హాలంతా తిరగడం. చెయ్యెత్తినప్పుడు చూసి గుర్తుపెట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్లిపోవడం. హాలు మూసేశాక కార్ల దగ్గర నిలబడి మాటలు, చిప్‌ల మార్పిడి. అక్కడా తీరకపోతే ‘ఒయాసిస్’ అనే తిండి దుకాణంలో బల్లల చుట్టూ.

ఈ రెండు ముక్కల పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేకపోవడం. తెలియదని చెప్పినవాడి చుట్టూనే జనం చేరేవారు. మిట్స్ పంపిన మెమరీ బోర్డులు సరిగా పనిచేయడం లేదని తేలింది ఇలాగే. అది తేలాకే బాబ్ మార్ష్ అనే సభ్యుడు, బర్కిలీలో ఫెల్సెన్‌స్టైన్‌తో కలిసి అద్దెకు తీసుకున్న గ్యారేజీలో, పనిచేసే బోర్డులు తయారుచేసి ‘ప్రాసెసర్ టెక్నాలజీ’ కంపెనీ పెట్టాడు. ఆ సంస్థ 1976లో తెచ్చిన ‘సోల్-20’ని రూపొందించినవాడు ఫెల్సెన్‌స్టైనే. మనకు తెలిసిన కంప్యూటర్‌లాగా, కీబోర్డుతో, తెరకు తగిలించుకునే వీలుతో వచ్చిన తొలి యంత్రాల్లో అదొకటి.

వాజ్నియాక్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో కాలిక్యులేటర్లు రూపొందించే ఉద్యోగి, బిడియస్తుడు. స్నేహితుడు పిలిస్తే మొదటి సభకి వచ్చాడు. ఎవరో పంచిన చిప్ వివరాల కాగితం ఇంటికి తీసుకెళ్లి చదివాడు. ఆ రాత్రే తన సొంత కంప్యూటర్ ఎలా ఉండాలో మనసులో గీసుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. చవకగా దొరికిన 6502 చిప్‌తో దాన్ని కట్టి, సభలకి మోసుకొచ్చి, దాని నమూనా పటాలని ప్రతులు తీసి ఉచితంగా పంచాడు. కట్టుకోవడం రానివాళ్ల ఇళ్లకి వెళ్లి సాయం కూడా చేశాడు. స్నేహితుడు స్టీవ్ జాబ్స్ దీన్ని అమ్ముదామన్నాడు. 1976 ఏప్రిల్ 1న యాపిల్ పుట్టింది. పాల్ టెరెల్ అనే దుకాణదారు 50 యంత్రాలు కొంటానన్నాడు. చిల్లర ధర 666 డాలర్ల 66 సెంట్లు. తన యంత్రాన్ని గీసింది అమ్మడానికి కాదు, క్లబ్‌లో వాళ్లకి చూపించి మెప్పు పొందడానికే అని వాజ్నియాక్ పలుసార్లు చెప్పాడు. నేను ఆ మాటని పూర్తిగా నమ్ముతాను. పంచిపెట్టిన పటాలే దానికి సాక్ష్యం.

ఆ హాల్లో తిరిగిన ఇంకో మనిషి మన తెలుగు పాఠకులకి కాస్త దగ్గరవాడు. ఆడమ్ ఆస్బోర్న్. తాను రాసి సొంతంగా అచ్చువేసుకున్న మైక్రోకంప్యూటర్ల పుస్తకాలు అట్టపెట్టెలో తెచ్చి సభల దగ్గర అమ్మేవాడు. ఆయన బాల్యం గడిచింది తమిళనాడులో. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు. ఆశ్రమ పత్రిక ‘మౌంటెన్ పాత్’కి తొలి సంపాదకుడు. మన రచయిత చలం బెజవాడ వదిలి వెళ్లి స్థిరపడిన, రమణాశ్రమం ఉన్న అరుణాచలమే ఆ కుటుంబమూ ఎంచుకున్న ఊరు. ఆ కుర్రాడు పెరిగి పెద్దయి 1981లో ఫెల్సెన్‌స్టైన్ చేత ‘ఆస్బోర్న్-1’ని తయారుచేయించాడు. పదకొండు కిలోల బరువు, 1795 డాలర్ల ధర. చేత్తో పట్టుకుని మోసుకెళ్లగలిగిన తొలి కంప్యూటర్లలో జనాదరణ పొందింది అదే. కంపెనీ రెండేళ్లకే దివాలా తీసింది. ఆస్బోర్న్ చివరిరోజుల్లో కొడైకెనాల్ వచ్చి 2003లో అక్కడే కన్నుమూశాడు.

ఆ హాలులో ఆడవాళ్లు దాదాపు లేరు. నల్లజాతివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో జెర్రీ లాసన్ ఒకడు. మార్చుకోగల కాట్రిడ్జిలతో ఆడే వీడియో గేమ్ యంత్రం రూపకల్పనకి తర్వాత నాయకత్వం వహించినవాడు. తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి కదా అంటే సరిపోదు. చిప్ కొనే డబ్బు, సాయంత్రాలు ఖాళీ, ఎలక్ట్రానిక్స్ చదివే అవకాశం ఎవరికున్నాయో వాళ్లే తలుపు దాకా రాగలిగారు. మనం అలాంటి సంఘం పెట్టుకుంటే మొదటిరోజే ఆలోచించాల్సిన విషయం ఇది.

ఒక టేపు, ఒక ఉత్తరం

1975 జూన్‌లో మిట్స్ కంపెనీ ప్రచార బండి పాలో ఆల్టో వచ్చింది. రికీస్ హయత్ హౌస్ హోటల్లో ఆల్టెయిర్ ప్రదర్శన. అందులో నడుస్తున్నది పంతొమ్మిదేళ్ల బిల్ గేట్స్, పాల్ అలెన్‌తో కలిసి రాసిన బేసిక్. స్విచ్చుల బాధ తప్పించి మామూలు మాటల్లాంటి ఆదేశాలతో పని చేయించుకునే భాష. క్లబ్ సభ్యులు చాలామంది ముందే డబ్బు కట్టారు కానీ వాళ్లకి అది ఇంకా అందలేదు. రంధ్రాలు గుద్దిన ఆ కాగితపు టేపు ఒకటి హోటల్ నుంచి ఎవరి చేతికో వచ్చింది. తర్వాతి సభకి అట్టపెట్టె నిండా ప్రతులు వచ్చాయి. షరతు ఒక్కటే: ఒకటి తీసుకున్నవాళ్లు వచ్చేసారి రెండు తేవాలి.

గేట్స్ మండిపడ్డాడు. 1976 ఫిబ్రవరి 3 తేదీతో ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. వాడేవాళ్లలో పదిశాతం కూడా కొనలేదని, తమ శ్రమకి గంటకి రెండు డాలర్ల లోపే గిట్టుబాటైందని, చేస్తున్నది దొంగతనమని నిష్ఠూరంగా చెప్పాడు. హోమ్‌బ్రూ వార్తాపత్రం ఆ లేఖని అచ్చువేసింది. తమని తిట్టిన ఉత్తరాన్ని తమ పత్రంలోనే వేసుకోవడం ఆ క్లబ్ నిజాయితీకి గుర్తు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రాత్రింబవళ్లు కూర్చుని రాసినవాడికి కూలి దక్కాలి. గేట్స్ కోపంలో న్యాయం ఉంది. అయితే ఆ లేఖకి అసలైన జవాబు తిట్లలో లేదు. పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ చుట్టూ ఉన్నవాళ్లు లేఖ రాకముందే ఆ జవాబుని పనితో మొదలుపెట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే డెన్నిస్ ఆలిసన్, చాలా తక్కువ మెమరీలో పట్టే ‘టైనీ బేసిక్’ ఎలా ఉండాలో ముందే వివరంగా రాసి పెట్టాడు. ఎవరికి వాళ్లు దాన్ని తయారుచేసి, రాసిన కోడ్‌ని అందరికీ పంపారు. వాటిని అచ్చువేయడానికి మొదలైన కాగితాలే 1976 జనవరి నుంచి ‘డాక్టర్ డాబ్స్ జర్నల్’ అనే పత్రిక అయ్యాయి. దశాబ్దాల పాటు ప్రోగ్రామర్లు దాన్ని చదివారు. టామ్ పిట్‌మన్ అనే సభ్యుడు తన టైనీ బేసిక్‌ని 5 డాలర్లకే అమ్మాడు. జనం కొన్నారు. పంచుకునేవాళ్లు డబ్బివ్వరన్న వాదన ఆ 5 డాలర్ల దగ్గర నిలబడలేదు. లీ-చెన్ వాంగ్ అనే ప్రోగ్రామర్ 1976లో తన టైనీ బేసిక్ పైన కాపీరైట్ ప్రకటన ఉండాల్సిన చోట ‘కాపీలెఫ్ట్’ అని రాశాడు. రిచర్డ్ స్టాల్‌మన్ జీఎన్‌యూ ప్రాజెక్టు ప్రకటించి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టింది 1983లో. ఆ ఉద్యమానికి గుర్తుగా మారిన ‘కాపీలెఫ్ట్’ అన్న మాట అప్పటికి ఏడేళ్ల ముందే ఇక్కడ అచ్చయి ఉంది.

క్లబ్ 1986 డిసెంబరు దాకా నడిచింది. ఈలోగా ఇలాంటివి ఊరూరా వెలిశాయి. బోస్టన్ కంప్యూటర్ సొసైటీని 1977లో పెట్టిన జొనాథన్ రోటెన్‌బర్గ్ వయసు అప్పుడు పదమూడేళ్లు. అది 30 వేలమంది సభ్యుల దాకా పెరిగి 1996లో మూతపడింది. ఇంటర్నెట్ వచ్చాక సందేహం తీర్చుకోవడానికి హాలుదాకా వెళ్లే అవసరం తగ్గింది. చాలా క్లబ్‌లు మూతపడ్డాయి. మిగిలినవాటిలో ఇవాళ పెద్దవయసువాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

తెలుగు తెరమీదికి వచ్చిన దారి

ఇదంతా మనకెందుకు అంటే, తెలుగు అక్షరం కంప్యూటర్లోకి వచ్చింది కూడా అచ్చం ఇలాగే కాబట్టి. 1991లో, ప్రపంచ లిపులకి ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకి చోటు దక్కింది. కానీ చోటు దక్కడం వేరు, రాయగలగడం వేరు. 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్లు ‘స్కిట్’ అనే చర్చావేదికలో ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి కావడంతో చదవడం నరకం. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ దానికి ఒక కట్టుబాటు తెచ్చారు. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లిషు అక్షరమో తేల్చిన ఆ పద్ధతే ఆర్‌టీఎస్. ఎవరూ జీతమివ్వలేదు. అవసరం తమది, తమలాంటివాళ్లది. అంతే.

తర్వాత వచ్చినవాళ్లు దానిమీదే కట్టుకుంటూ పోయారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ ఖతులు (ఫాంట్లు) తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. పత్రికలన్నీ ఎవరి ఫాంటు వాళ్లే వాడుతున్న రోజుల్లో, ఒక పత్రిక అక్షరం ఇంకొక చోట పిచ్చిగీతల్లా కనిపించేది. వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణం రాసి ఆ గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలవడంలోనూ ఆయనదే చొరవ. 2006లో వీవెన్ ‘లేఖిని’ తెచ్చారు. ఒక పెట్టెలో ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేస్తే కింద తెలుగు ప్రత్యక్షం. ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి కూర్చున్న మనిషి కూడా ఆ గంటలోనే తన భాష రాసేశాడు. నా ఎరికలో తెలుగు కంప్యూటింగ్‌కి ఇంత మేలు చేసిన పెట్టె మరొకటి లేదు.

ఈ పనులన్నీ తెరవెనక ఎక్కడో ఒంటరిగా జరిగిపోలేదు. హైదరాబాద్‌లో ‘ఈ-తెలుగు’ సంఘం సభ్యులు నెలనెలా కలిసేవారు. పుస్తక ప్రదర్శనలో స్టాల్ పెట్టి, పుస్తకాలు కొనడానికి వచ్చినవాళ్లని ఆపి, కంప్యూటర్లో తెలుగు చూడటం, రాయడం చేసి చూపించేవారు. కంప్యూటర్లో తెలుగు వస్తుందా అని జనం నిజంగా ఆశ్చర్యపోయి అడిగిన కాలం అది. ‘స్వేచ్ఛ’ సంస్థ 2005 నుంచి తెలుగు ఆపరేటింగ్ సిస్టం కోసం పనిచేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల్లో ‘గ్లగ్’ పేరుతో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల బృందాలు కట్టింది. సొంత లాప్‌టాప్ తెచ్చుకుని, లినక్స్ ఎక్కించుకుని వెళ్లే ఇన్‌స్టాల్ ఫెస్ట్‌లు ఆ బృందాల పండగ. ‘నాకు గ్రబ్ పోయింది, కంప్యూటర్ లేవట్లేదు’ అని ఒక జూనియర్ బిక్కమొహం వేస్తే, ‘ఏం కాదురా, కూర్చో’ అని సీనియర్ పక్కన కూర్చుని మళ్లీ బూట్ చేయించే చోటు. పాఠ్యపుస్తకం చెప్పని పాఠాలు అక్కడే వస్తాయి.

ఇప్పుడు చేతిలో ఫోనుంది, అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే యంత్రముంది. ఇక కలుసుకోవాల్సిన పనేముంది అనేవాళ్లకి ఒక్కటే చెబుతాను. మన ఊళ్లలో పెన్షన్ తీసుకుంటున్న మాస్టారు బ్యాంకు పేరుతో వచ్చిన ఫోనుకి ఓటీపీ చెప్పేసి సొమ్ము పోగొట్టుకుంటున్నారు. కొడుకు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటాడు. ‘ఇదేంటి బాబూ’ అని నోరువిప్పి అడగడానికి ఎదురుగా మనిషి కావాలి. అడిగితే నవ్వని మనిషి. గ్రంథాలయంలో నెలకో సాయంత్రం అలాంటి మనుషులు పదిమంది కూర్చుంటే, ఫోను సెట్టింగులు చూపించేవాళ్లు చూపిస్తారు, మూలపడ్డ లాప్‌టాప్‌కి లినక్స్ ఎక్కించేవాళ్లు ఎక్కిస్తారు. ఆడపిల్లలు ఇంటికి చేరే వేళ చూసుకుని సమయం పెట్టాలి. ఆ మాస్టారు ఇవ్వగలిగినదీ ఉంది. పాత పుస్తకాలని స్కాన్ చేసి యంత్రం చేత చదివిస్తే తెలుగు ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర తప్పులు వస్తాయి. వాటిని దిద్దడానికి ఆయనంతటి కన్ను కాలేజీ కుర్రాడికి ఉండదు. పాత పుస్తకాలని అందరికీ ఉచితంగా అందించే వెబ్‌సైటు తెలుగు వికీసోర్స్‌లో ఆ పని ఎలా చేయాలో ఒక సాయంత్రంలో నేర్పేయవచ్చు. దిద్దాల్సిన పేజీలు అక్కడ వేలల్లో ఉన్నాయి.